కుక్క కూడా జడవదు

"నిన్ను సూసి కుక్క కూడా జడవదే!"

ఈ మాట మా బావ మొదటిసారి అన్నప్పుడు మా ఇంట్లో కుక్కే లేదు. పెళ్ళయిన కొత్త. పెరట్లో ఎండబెట్టిన వడియాల మీద కోళ్ళు పడితే, నేను "ఉష్, ఉష్" అంటూ చెయ్యి ఊపుతున్నాను. అవి నావైపు ఒకసారి చూసి మళ్ళీ తింటున్నాయి. బావ అరుగు మీంచి చూసి నవ్వి ఆ మాటన్నాడు. మా అత్త పోలమ్మ కూడా నవ్వింది. వాళ్ళు నవ్వారు కదా అని నేనూ నవ్వాను. అదే నేను చేసిన తప్పు. పందొమ్మిదేళ్ళుగా ఆ మాట మా ఇంట్లో ఉప్పులా రోజూ వాడకంలో ఉంది. పాలవాడు నీళ్ళు కలిపినా, ఆటోలో నాకు సీటు దొరక్కపోయినా, మా అమ్మాయి హిమజ ఫోనులోంచి తలెత్తకపోయినా అదే మాట. "మీ అమ్మని సూసి కుక్క కూడా జడవదు."

అత్త అంటే పరాయి మనిషి కాదు, మా నాన్నకి స్వయానా అక్క. ఆవిడ కొడుకే బావ. మేనరికం కదా, పిల్ల సుఖపడుతుందని మా అమ్మ మురిసిపోయింది. వచ్చిన మర్నాడే అత్త నన్ను వంటింట్లోకి పిలిచి, "గొంతు తగ్గించి మాటాడు కళా, మీ మావ పడుకున్నాడు" అంది. తగ్గించాను. మావ పోయి ఎనిమిదేళ్ళయింది. గొంతు మాత్రం తగ్గే ఉంది.

నేను కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరతాను. గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా వంచిన మెడ ఎత్తకూడదు. దానికి ముందు ఇంట్లో నలుగురికి వంట, దాని తర్వాత మళ్ళీ వంట. వేసవిలో అయితే తెల్లారకముందే మా తోటలో జీడిపిక్కలు ఏరి రావడం అదనం. ఇదంతా చేస్తున్నదాన్ని ఎవరైనా అడిగితే బావ చెప్పే సమాధానం, "మా ఆవిడ కాలీగా ఉండలేక ఎల్తాదండి." ఆయనగారు టెక్కలిలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఇంట్లో కూడా మెడలో విజిల్ తియ్యడు. మంచినీళ్ళు కావాలన్నా ఒక్కోసారి ఊదుతాడు. సరదాకేనట.

అలాంటి ఇంటికి కిందటి వర్షాకాలంలో నిజంగానే ఒక కుక్క వచ్చింది. స్కూలు కరస్పాండెంటు గారింట్లో పుట్టిన పిల్లల్లో ఒకదాన్ని బావ అట్టపెట్టెలో పెట్టుకుని బైకు మీద తెచ్చాడు. తల్లి జర్మన్ షెపర్డ్. తండ్రి ఎవరో ఆ వీధికే తెలియాలి. దానికి కమాండో అని పేరు పెట్టి, "రేపట్నుంచి దీనికి నాను ట్రైనింగిత్తాను, సూడండి" అన్నాడు. మర్నాడు పొద్దున్నే ట్రాక్ ప్యాంటు వేసుకుని వాకిట్లో నిలబడి "సిట్! స్టాండ్! అటాక్!" అని వీధి వీధంతా వినబడేలా అరిచాడు. మధ్యమధ్యలో విజిల్. కుక్కపిల్ల కూర్చుని చెవి గోక్కుంది. బెత్తంతో ఒకటిచ్చాడు. అది మంచం కింద దూరి తడిపేసింది. ఆ తడి తుడిచింది నేను. దానికి అన్నం కలిపేది నేను, స్నానం చేయించేది నేను, చెవుల్లో గోమార్లు తీసేది నేను, దాని పెంట ఎత్తేది నేను. ఊళ్ళో అందరికీ మాత్రం అది మాస్టారి కుక్క.

ఆరేడు నెలలకి దానికి బలమొచ్చింది. ఫ్యాక్టరీ ఆటో రాకముందే దాన్ని ఊరి చివరిదాకా తిప్పుకురావడం కూడా నా పనుల్లో చేరింది. నేను దాన్ని తిప్పడమేమిటి, అదే నన్ను ఈడ్చుకెళ్ళేది. "రా నాయనా, నా బంగారం కాదూ, నీకు దణ్ణం పెడతాను, ఎవరైనా సూత్తే బాగోదు" అని బతిమాలుతూ వెనకాల పరిగెత్తేదాన్ని. ఒకరోజు బోరింగు దగ్గర పిల్లిని చూసి ఒక్క గుంజు గుంజింది. సిమెంటు రోడ్డు మీద బోర్లా పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు, "ఓలమ్మో, లెగు కళా!" అని చెయ్యి అందిస్తూనే నవ్వు ఆపుకోలేకపోయారు. ఇంటికొచ్చి పసుపు రాసుకుంటుంటే బావ చూశాడు. ఏమన్నాడో వేరే చెప్పాలా? పందొమ్మిదేళ్ళకి ఆ మాటకి సాక్ష్యంగా అసలైన కుక్క దొరికింది ఆయనకి. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ రోజు మాత్రం నేను నవ్వలేదు.

హిమజ నా పక్కన కూర్చుని ఫోనులో ఎవరో కుక్కల ట్రైనరు వీడియో పెట్టింది.

"అమ్మా, కుక్కకి లీడరు గావాలట. అరిసినవాళ్ళు లీడరు కాదట. బతిమాలినవాళ్ళు కూడా కాదట. నెమ్మదిగా, నమ్మకంగా ఉండాలట. తాడు బిగిత్తే ఆగిపోవాల. వదులైతేనే నడవాల. అంతే."

"లీడరేటి, నానేటి? పోవే," అన్నాను. కానీ ఆ వీడియో మర్నాడు ఆటోలో మళ్ళీ చూశాను. మధ్యాహ్నం అన్నం తింటూ కూడా చూశాను.

మొదటిరోజు మా ఇంటి నుంచి బోరింగు దాకా వెళ్ళడానికి ముప్పావుగంట పట్టింది. ఇరవై ఇళ్ళ దూరం. తాడు బిగుసుకోగానే ఆగిపోవడం, అది వెనక్కి తిరిగి ఏమిటి సంగతన్నట్టు చూసేదాకా నిలబడటం. ఎదురింటి అప్పన్న పళ్ళు తోముకుంటూ, "ఏటి కళమ్మా, దారి మర్సిపోనావేటి?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అలా నడివీధిలో, ఏ పనీ చెయ్యకుండా, నాకు కావలసిన దాని కోసం నిలబడటం నా జన్మలో అదే మొదలు. కాళ్ళు వెళ్ళిపోదాం వెళ్ళిపోదాం అంటున్నాయి. పొయ్యి మీద పప్పు గుర్తొస్తోంది. అయినా నిలబడ్డాను. "ఆగు" అన్నాను. అది ఆగలేదు. ఎందుకు ఆగలేదో రెండో రోజుకి గానీ అర్థం కాలేదు. నా "ఆగు"లో కాస్త ఆగుతావా అని అడుగుతున్నాను నేను! నా మాటలన్నీ అంతేనని అప్పుడే తట్టింది. అన్నం పెట్టెయ్యనా? ఆటో వచ్చింది, వెళ్ళిరానా? నడుం నొప్పిగా ఉంది, ఒకసారి డాక్టరుకి చూపించుకోనా? ఇంట్లో మనుషులకి ఆ అడగడం హాయిగా ఉంటుంది. కుక్కకి గాభరాగా ఉంటుంది. ఈవిడకే నమ్మకం లేదు, ఇక నేనే చూసుకోవాలి అనుకుంటుంది కాబోలు పాపం. వంటింట్లో ఎవరూ లేనప్పుడు పొంగే పాలగిన్నెతో "ఆగు" అని చెప్పి చూసుకున్నాను. నవ్వొచ్చింది. మళ్ళీ చెప్పాను. గొంతు పెంచలేదు. నాకున్నది ఆ తగ్గిన గొంతే. అందులోంచి భయం తీసేస్తే ఏం మిగులుతుందో వినాలనిపించింది.

మూడు వారాలకి కమాండో నా పక్కన నడిచింది. నెలన్నరకి "కూర్చో" అంటే కూర్చుంది, "రా" అంటే ఎక్కడున్నా వచ్చింది. ఒక్కసారే చెప్పేదాన్ని. చెయ్యి ఎత్తింది లేదు. ఈ లోపల ఫ్యాక్టరీలో ఒక చిన్న సంగతి జరిగింది. మా సూపర్‌వైజరు భాస్కరరావు బాత్రూమ్‌కి రెండోసారి లేస్తే ఒప్పుకోడు. ఆ రోజు నేను లేచాను. "మళ్ళీ ఏటమ్మా?" అని గదిమాడు. ఇదివరకైతే కూర్చుండిపోయి కాళ్ళు బిగబట్టుకునేదాన్ని. "ఎల్లొత్తాను" అన్నాను, అంతే. వెళ్ళాను, వచ్చాను. ఆయన రిజిస్టరులోకి చూసుకుంటున్నాడు. నా పక్కన కూర్చునే అపర్ణ చెవిలో, "కళక్కా, ఏటి తిన్నావే పొద్దున్న?" అంది. ఆ మధ్యాహ్నమంతా పప్పు ఏరుతూ లోపల్లోపల నవ్వుకుంటూనే ఉన్నాను.

ఇంట్లో మాత్రం మంట అంటుకుంది. ఏప్రిల్లో ఒక ఆదివారం స్కూలు నుంచి ముగ్గురు మాస్టార్లు భోజనానికి వచ్చారు. పీతల పులుసు, కోడికూర, వేపుడు, అన్నీ నా చేతిమీదే. తిన్నాక బావ అందర్నీ వాకిట్లో కుర్చీల్లో కూర్చోబెట్టి విజిల్ ఊదాడు. "కమాండో! సిట్!" కుక్క ఆయన్ని చూసి తోక ముడిచి, తల తిప్పి, ఎంగిలి కంచాలు కడుగుతున్న నావైపు చూసింది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ నావైపే చూసింది. పాపం దాన్ని చూడలేక, "కూర్చో" అన్నాను, కంచాల్లోంచి తల పూర్తిగా ఎత్తకుండానే. కూర్చుంది. లెక్కల మాస్టారు తారకేశ్వరరావుగారు పడీ పడీ నవ్వి, "త్రినాథ్ మాస్టారూ, మీ ఇంట్లో కమాండరెవరో తెలిసిపోనాదండి!" అన్నారు.

బావ కూడా నవ్వాడు. వాళ్ళ బైకులు మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత బెల్టు తీసి కుక్కని రెండు వాయించాడు. నేను అడ్డం వెళితే మూడోది నా మోచేతికి తగిలింది. సారీ చెప్పలేదు. ఎదురు మండిపడ్డాడు.

"ఆడదాని మాటినే కుక్క నాకొద్దు. రేపు దీన్ని తోటకి తోలుకొచ్చెయ్యి. సీజనంతా అక్కడే గొలుసేసి కట్టెత్తాను. దాని పొగరూ దిగుతాది, పిక్కలకి కాపలా కూడా అవుతాది."

మా ఉద్దానంలో జీడిపళ్ళూ పనసపళ్ళూ మగ్గే రోజుల్లో తోటల్లోకి ఎలుగుబంట్లు దిగుతాయి. కట్టేసిన కుక్క పారిపోలేదు, మొరగడం మానదు. ఆ మొరుగుడికి ఎలుగు మీదకే వస్తుంది. కిందటేడు ఇలాగే అప్పన్న తన నల్లకుక్కని తోటలో కట్టాడు. మర్నాడు వెళితే చెట్టుకి గొలుసే ఉంది. ఆ సంగతి బావకి తెలియదా? తెలుసు. అప్పన్నని ఓదార్చి వచ్చినవాళ్ళలో ఆయనా ఉన్నాడు.

"వద్దు బావా. సంపేత్తాది దాన్ని," అన్నాను.

"నిన్నడిగానేటి?"

అత్త తమలపాకుకి సున్నం రాసుకుంటూ, "మొగోడి మాట. పోనీయే," అంది.

మర్నాడు తెల్లారుతుండగా బయల్దేరాం. ముందు బావ, భుజం మీద కొత్త గొలుసు. చివర అత్త, చేతిలో స్టీలు పళ్ళెం. మధ్యలో నేను, చంకలో బుట్ట, చేతిలో కమాండో తాడు. అది ఆయన పట్టుకుంటే అడుగు వెయ్యలేదు మరి. కాబట్టి దాన్ని చావుకి నడిపించుకెళ్ళే పని కూడా నాకే వచ్చింది. నా పక్కన ఎంత బుద్ధిగా నడిచిందో! తాడు ఒక్కసారి కూడా బిగియలేదు. నన్ను నమ్మి వస్తోంది. ఆ నమ్మకం చూస్తుంటే నా మీద నాకే కోపం తన్నుకొచ్చింది. నువ్వేం లీడరువే, ఎవరో గొలుసు చూపిస్తే అటు తీసుకెళుతున్నావు? అనుకున్నాను. అనుకుంటూనే నడిచాను.

తోట గట్టు దగ్గర అత్త ఆగింది. లోపలికి వెళ్ళేముందు స్టీలు పళ్ళెం మీద కొడవలితో కొట్టి, "మేమొత్తన్నాం తల్లీ, పక్కకెల్లు" అని పిలవడం ఆవిడ అలవాటు. తోటలో ఎలుగు పేరెత్తదు, పెద్దది అంటుంది. దూరంగా చప్పుడు వింటే దానంతట అది తప్పుకుంటుంది. ముప్పయ్యేళ్ళుగా మా తోటలో ఎవరికీ గోరు తగలకపోవడానికి కారణం ఆ పళ్ళెమే. అత్త పళ్ళెం ఎత్తేసరికి బావ విసుక్కున్నాడు.

"కుక్కుంది కదేటి, ఇంకా పళ్ళెమెందుకు? దాని దమ్ము సూద్దాం."

అత్త పళ్ళెం దించేసింది. కొడుకు మాట కదా.

పదిహేను చెట్లు దాటామో లేదో, పనసచెట్టు మొదట్లో నల్లగా కదిలింది. పండు చీల్చుకుని తింటోంది. మాకూ దానికీ మధ్య మా వాకిలంత దూరం. బావ చటుక్కున నా చేతిలోంచి తాడు లాక్కుని వదిలేసి, విజిల్ ఊదుతూ, "అటాక్! కమాండో, అటాక్!" అని కేకలు పెట్టాడు. ఆ గోలకి కుక్కకి పిచ్చెక్కింది. మొరుగుతూ దూసుకెళ్ళింది. ఎలుగు పండు వదిలేసి రెండు కాళ్ళ మీద లేచింది. ఓలమ్మో, ఎంత ఎత్తో! ఒక్క చేత్తో విసిరితే కమాండో వెంట్రుకవాసిలో తప్పించుకుని మళ్ళీ మీదికి ఎగిరింది. బావ విజిల్ ఆగలేదు, అయితే కాళ్ళు మాత్రం వెనక్కి పడుతున్నాయి. ఇప్పుడు ఆయన పరిగెత్తితే కుక్క ఆయన వెనకాల వస్తుంది, కుక్క వెనకాల ఎలుగు వస్తుంది, మధ్యలో మోకాళ్ళ నొప్పుల ముసలిది అత్త ఉంది. ఇదంతా నాకు ఎండలో పరిచిన పప్పులా విడివిడిగా కనిపించింది. భయం లేదని చెప్పను. దాన్ని గొంతులోకి రానివ్వకుండా నోరు తెరిచాను.

"కమాండో. రా."

రోజూ చెప్పే గొంతే. బోరింగు దగ్గర చెప్పే గొంతే. కుక్క మొరగడం ఆపి చెవులు తిప్పింది. ఆ లోపల విజిల్ మళ్ళీ మోగింది.

"బావా, నోట్లోంచి విజిల్ తియ్యి. పరిగెత్తకు. నా ఎనక్కి రా."

తీశాడు. వచ్చాడు. నా జాకెట్టుకి తగులుతూ ఆయన ఊపిరి.

"కమాండో, రా."

వచ్చింది. నా కాలి పక్కన ఆనుకుని నిలబడి వణుకుతోంది. తాడు అందుకున్నాను. ఎలుగు నిలబడే ఉంది, ముక్కు ఎగబీలుస్తోంది. మేం నలుగురం ఒక్కో అడుగూ వెనక్కి వేశాం. ఎప్పుడు అడుగు వెయ్యాలో నేను చెప్పాను, అందరూ వేశారు. కాసేపటికి అది నాలుగు కాళ్ళ మీదికి దిగి, మమ్మల్ని మరిచిపోయి, పండు దగ్గరికి వెళ్ళిపోయింది. గట్టు ఎక్కాం. అత్త నా చెయ్యి పట్టుకుంది.

ఎనిమిదయ్యేసరికి మా అరుగు నిండా జనం. నేను ఫ్యాక్టరీకి సెలవు చెప్పి అందరికీ టీ కాచి పళ్ళెంలో పట్టుకొచ్చాను. బావ స్తంభానికి ఆనుకుని చెబుతున్నాడు.

"నాను విజిలేసి అటాక్ అన్నాను సూడండి, కమాండో దూకినాది! ఎలుగ్గొడ్డు పరుగో పరుగు! ఈలిద్దరూ ఎనకాల ఏడుపు. నానే ఇద్దర్నీ ఒడ్డుకి లాక్కొచ్చాను. రేపట్నుంచి కుక్కని అక్కడే కడతన్నాను. ఇంకేటి భయం?"

అప్పన్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. "మేస్టారూ, నా కుక్కకి గొలుసొకటే మిగిలినాదండి. అలాటి పని సెయ్యకండి."

"నీ కుక్క ఏరు, నా కుక్క ఏరు!"

టీ పళ్ళెం అరుగు అంచున పెట్టాను. పొద్దున్న తోట గట్టు దగ్గర అత్త పళ్ళెం దించేసిన చప్పుడు గుర్తొచ్చింది. మా ఇంట్లో ఆడవాళ్ళం దించేసినవి ఎన్నో. ఇది కూడా దించేస్తే కమాండో రేపటికి ఉండదు.

"కుక్క తోటకి రాదు బావా," అన్నాను.

బావ నావైపు తిరిగాడు.

"ఏటి?"

"తోటకి రాదు. గొలుసు అక్కడెట్టు. విజిల్‌కి ఎలుగు పారిపోలేదు, మీదికి లేసినాది. కుక్కని నాను ఎనక్కి పిలిసాను. నిన్ను కూడా నానే పిలిసాను. నువ్వొచ్చావు."

బావ మొహం కందగడ్డయింది. లేచి నిలబడి అరిచాడు. నా పుట్టింటి దగ్గర మొదలుపెట్టి ఫ్యాక్టరీ దాకా అన్నీ ఏకరువు పెట్టాడు. నేను కదల్లేదు. బతిమాలలేదు, ఎదురు అరవలేదు. తాడు బిగిసినప్పుడు ఆగిపోవడం నాకిప్పుడు బాగా వచ్చు. ముప్పావుగంట అయినా నిలబడగలను. "సెప్పవే అమ్మా," అని అత్తవైపు తిరిగాడు. అత్త తమలపాకుల సంచిలోంచి చెయ్యి తీసి, "నాను ఏడవలేదురా," అంది. "అది ఎనక్కెయ్యమంది, ఏసాను. నువ్వూ ఏసావు."

ఇక ఏమీ తోచక బావ విజిల్ నోట్లో పెట్టి బలంగా ఊదాడు. "కమాండో! కమాన్!" కుక్క లేవలేదు. నా పాదం మీద గడ్డం ఆన్చుకుని పడుకునే ఉంది. ఎవరో దగ్గినట్టు నవ్వారు. హిమజ గుమ్మంలోంచి వచ్చి గొలుసు తీసుకుని లోపలికి పట్టుకుపోయింది.

అప్పుడు అన్నాడు. ఇంక ఏ మాటా మిగలనివాడిలా అన్నాడు.

"నిన్ను సూసి కుక్క కూడా జడవదే! నువ్వేటి నాకు సెప్పేది?"

"అవును బావా," అన్నాను, గొంతు పెంచకుండా. "కుక్క కూడా జడవదు. అందుకే నా మాటింటాది."